నాలుగు వేళ్ళ సందు: శ్రీమతి వెలికా ద్రంగోవ్‌స్కా గారి పదవీ విరమణ వేళ

పందొమ్మిది వందల డెబ్బై నాలుగు సెప్టెంబరు రెండవ తేదీ సోమవారం నాడు, స్కోపియె నగరంలో అప్పటికి సగమైనా పైకి లేవని మన త్రెస్కా విద్యార్థి నివాసపు నిర్మాణ స్థలంలో, శ్రీమతి వెలికా ద్రంగోవ్‌స్కా గారు సహాయ ఇంజనీరుగా విధులలో చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై మూడు సంవత్సరాలు. తలపై శిరస్త్రాణం, దాని కింద రెండు చెవులనూ కప్పుతూ బిగించి కట్టిన ఉన్ని శాలువా. అంత ఎండలో శాలువా ఏమిటని తాపీ మేస్త్రీలు పగలబడి నవ్వారట. వారు మాత్రం ఏ సంజాయిషీ ఇవ్వకుండా నిచ్చెన ఎక్కి, పోత పోయడానికి సిద్ధంగా ఉన్న ఇనుప ఊచల్ని ఒక్కొక్కటే తట్టి చూసుకుంటూ పోయారు. ఆ శాలువా ఈనాటికీ దిగలేదు. విద్యార్థులు తరతరాలుగా వారిని ‘శాలువా ఇంజనీరు’ అనే పిలుచుకుంటున్నారు.

మనం రోజూ అందులోనే తిరుగుతూ ఏనాడూ తల ఎత్తి చూడని భవనం అది. నాలుగు గోపురాలు, ఒక గోపురం నుంచి మరొక గోపురానికి ఐదవ అంతస్తులోనూ, తొమ్మిదవ అంతస్తులోనూ గాలిలో వేసిన వంతెనలు, ప్రతి వంతెనా ఒక పెద్ద గది, ఆ గదిలో ఒక పొయ్యి, ఒక పొడవాటి బల్ల. గోడలకు సున్నం లేదు, రంగు లేదు. సెంట్రింగ్ చెక్కల ఈనెలు, ముడులు కాంక్రీటు మీద అచ్చు గుద్దినట్టు ఉండిపోయాయి. ఏ విద్యార్థీ తన గదిలో ఒంటరిగా భోజనం చేయకూడదన్న సంకల్పంతో ఆర్కిటెక్టు సిమ్యాన్ గారు ఈ వంతెనలను గీశారు. ప్రతి వంతెన గదికీ ఇరు కొసలలో, గోపురం గోడకు ఆనకుండా, నాలుగు వేళ్ళు దూరేంత సందు వదిలారు. అరవై మూడు భూకంపంలో ఈ నగరం ఒక్క వేకువన కూలిపోవడం చూసిన మనిషి ఆయన. భూమి కదిలినప్పుడు గోపురం తన ఊపు తాను ఊగాలి, వంతెన తన ఊపు తాను ఊగాలి. రెండూ అతుక్కుని ఉంటే ఒకదాన్నొకటి బాదుకుని రెండూ పోతాయి. ఆ సందు ఉన్నది అందుకే.

తొలి వంతెన పోత పూర్తయిన రోజున సిమ్యాన్ గారు కొత్త ఇంజనీరును పక్కకు పిలిచారట.

“అమ్మాయ్, ఈ మొత్తం భవనంలో నేను గీసినవాటిలో గొప్పదేదో చెప్పు చూద్దాం.”

“వంతెనలే కదా సార్?”

“వంతెన ఎవడైనా గీస్తాడమ్మా. ఇదిగో, ఈ సందు. నేను పోయాక కూడా ఇది తెరిచే ఉండాలి. జాగ్రత్త, మనవాళ్ళకి సందు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఏదో ఒకటి కుక్కేదాకా నిద్రపట్టదు.”

ఆయన మన జాతిని ఎంత బాగా ఎరుగుదురో! ఎందుకంటే ఆ సందులోంచి ప్రోమాయ వస్తుంది. భూకంపానికి భయపడని మనిషి మన నగరంలో దొరకవచ్చు గాని, ఒక కంతలోంచి దూరి మరో కంతలోంచి పోయే ఆ గాలికి భయపడని మనిషి దొరకడు. కిటికీ తీస్తే తలుపు మూస్తాం. ఆగస్టు నెలలో బస్సులో చెమటలో ఉడికిపోతూ కూడా అద్దం దించనివ్వం. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండకపోయినా, నేరం ప్రోమాయ మీదనే వేస్తాం. ఈ విషయంలో వెలికా గారు మనకంటే ఏమాత్రం తక్కువ తినలేదు. మంత్రిత్వ శాఖ వారి సమావేశంలో, సాక్షాత్తు ఉపమంత్రిగారు మాట్లాడుతుండగా, మధ్యలో లేచి వెళ్ళి ఆయన వెనక కిటికీ మూసి వచ్చి కూర్చున్న ఘనత వారిది. తమకు ఇంత భయమైన ఆ గాలిని, ముప్పై తొమ్మిదేళ్ళపాటు ఈ భవనంలోకి రానివ్వడానికే వారు తమ ఉద్యోగమంతా ధారపోశారు.

డెబ్బై ఏడులో నివాసం ప్రారంభమైంది. మొదట్లో సందులకు రబ్బరు పట్టీలు ఉండేవి. సాగేవి, ముడుచుకునేవి, గాలిని ఆపేవి. నాలుగైదు చలికాలాలకే అవి పెళుసెక్కి రాలిపోయాయి. కొత్తవి తెప్పించమని వెలికా గారు ఏటా అడిగారు. వచ్చే ఏడు చూద్దామని ఏటా జవాబు వచ్చింది. ఈలోగా మనవాళ్ళు ఊరుకుంటారా? పాత చొక్కాలు, వార్తాపత్రికలు, గోనెసంచులు, ఒక సందులో ఏకంగా ఎవరిదో ఓవర్‌కోటు. వెలికా గారు వసంతం రాగానే ఇనుప కొక్కెం పట్టుకుని వంతెన వంతెనా తిరిగి, కుక్కినదంతా లాగి, చివరగా తమ నాలుగు వేళ్ళనూ సందులో పెట్టి పైనుంచి కిందిదాకా జరిపి చూసుకునేవారు. వేళ్ళు ఎక్కడా తగలకుండా దిగితే ఆ ఏటికి వారికి నిశ్చింత. తరువాత వారే ఒక ఉపాయం పన్నారు. కాలం తీరిన హాస్టలు కంబళ్ళను చీల్చి, గోపురం వైపు అంచును మాత్రమే మేకులతో బిగించి, వంతెన వైపు వదులుగా వేలాడేలా పరదాలు కట్టారు. గాలీ ఆగింది, సందూ మిగిలింది. కాని పిల్లలు ఆ కంబళ్ళను ఊడదీసి కప్పుకుని పడుకునేవారు!

ఒక్క శరదృతువులో మాత్రం పిల్లలకు ఆ సందు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. ఇళ్ళ నుంచి బస్తాలకొద్దీ ఎర్రటి లావు మిరపకాయలు వచ్చేవి. వంతెన గదుల్లో వాటిని కాల్చి, తొక్కు తీసి, ఐవార్ అనే పచ్చడి వండుకునేవారు. ఆ పొగంతా సందులోంచే బయటికి పోయేది. నివాస నియమావళి ప్రకారం అది నిషిద్ధం. వెలికా గారు ఆ వంతెనల వైపు చూసీ చూడనట్టు వెళ్ళిపోయేవారు; పిల్లలు వెంటబడి ఒక సీసా చేతిలో పెట్టేవారు.

కుక్కేవాళ్ళలో అగ్రగణ్యురాలు మన పారిశుద్ధ్య విభాగపు పావ్లినా. ఆమె నోటి ధాటి గురించి ఈ సంచిక చదివేవారికి నేను చెప్పేదేముంది! ఆ ఇద్దరి పోరూ ఏళ్ళ తరబడి సాగింది.

“ఏమే పావ్లినా, మళ్ళీ కుక్కావా?”

“కుక్కక చస్తానా? నేల తుడవడానికి వంగుతానా, సరిగ్గా నా నడుం మీదే కొడుతుంది ఆ దిక్కుమాలిన గాలి. మీరు మాత్రం చెవులకి అంత శాలువా చుట్టుకుని నాకు నీతులు చెప్తారేం మేడం?”

“నీకూ ఒకటి అల్లిస్తాలే. గుడ్డలు మాత్రం తియ్యి.”

“అల్లించండి. అప్పుడు తీస్తా.”

అల్లి తెచ్చారు. పావ్లినా దాన్ని నడుముకు చుట్టుకుంది, గుడ్డలు మాత్రం తీయలేదు.

ఎనభైలలో ఒక వసంతాన, మధ్యాహ్న భోజనం వేళ, భూమి స్వల్పంగా కదిలింది. ఐదవ అంతస్తు వంతెనలో బల్ల మీది గిన్నెలు గలగలలాడాయి. పావ్లినా చేతిలో తుడుపుకర్రతో కొయ్యబారిపోయింది. ఆనాటి ఉదయమే వెలికా గారు ఆ సందును శుభ్రం చేసి ఉన్నారు. అది కళ్ళ ముందే సన్నబడి, వెడల్పై, మళ్ళీ తన స్థితికి వచ్చింది. గుప్పెడు దుమ్ము రాలింది. ఒక్క పెచ్చు ఊడలేదు. పరుగున వచ్చిన వెలికా గారు ముందు గోడను కాదు, పావ్లినాను పట్టుకున్నారు. ఇద్దరూ ఆ నేల మీదనే కూలబడ్డారు. అప్పుడు వెలికా గారు చెప్పిన మాటలను పావ్లినా ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుంది. ఈ వారమే, కళ్ళు తుడుచుకుంటూ, బయటపెట్టింది. అనుమతి అడగకుండా ఇక్కడ రాస్తున్నందుకు వెలికా గారు మన్నించాలి.

“నాకు చిన్నప్పుడు చెవి పోటు పావ్లినా. చలికాలం వస్తే రాత్రంతా ఏడ్చేదాన్ని. మాది పాత ఇల్లు. పక్కన నాన్న కొత్తగా ఒక గది కట్టాడు. రెంటికీ మధ్య ఇంత సందు ఉండేది. అందులోంచి నా మంచం మీదికి గాలి కొట్టేది. నాన్న చూసి చూసి, ఒకరోజు ఇటుకలు తెచ్చి సందు మూసేశాడు. ‘ఇక నా బంగారుతల్లికి చెవి నొప్పి రాదు’ అన్నాడు. నిజంగానే రాలేదు. ఆ వేసవిలోనే భూకంపం. ఊళ్ళో అలాంటి పాత ఇళ్ళు ఎన్నో నిలబడ్డాయి. మాది మాత్రం కొత్త గది వచ్చి గుద్దేసరికి కూలింది. చెల్లెలు స్నేఝా ఆ గోడ పక్కనే పడుకుంది. నాన్న తర్వాత ఇంకో ఇరవై ఏళ్ళు బతికాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.”

“నాకెందుకు చెప్పలేదు మేడం ఇన్నాళ్ళూ?” అందట పావ్లినా.

“చెప్తే జాలిపడతారు. జాలిపడి మళ్ళీ కుక్కుతారు.”

ఆనాటి నుంచి పావ్లినా ఒక్క గుడ్డ ముక్క కుక్కలేదు, ఎవరినీ కుక్కనివ్వలేదు. నడుము నొప్పితోనే మెట్ల పొడవునా తిట్టుకుంటూ తిరిగింది గాని, చేతిలో కొక్కెం వదలలేదు. తొంభైలలో దేశం ముక్కలై, బొగ్గు లేక, వేడినీటి గొట్టాలు చల్లబడిపోయిన శీతకాలాలలో ఈ ఇద్దరు స్త్రీలు తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. దుప్పటి కప్పుకుని వణుకుతున్న ఒక వైద్య విద్యార్థి వెలికా గారి దారికి అడ్డంగా నిలబడ్డాడు. “మేడం, భూకంపం ఎప్పుడో వస్తుంది. చలి ఇప్పుడే వచ్చింది. మమ్మల్ని ఇప్పుడు బతకనివ్వండి!” అన్నాడు. వెలికా గారు ఆ ఒక్కసారి తమ శాలువా విప్పి అతని మెడకు చుట్టి, ఆ తరువాత సందులోంచి గుడ్డలు లాగారు. ఆ కాలంలో ఆస్ట్రియాలో మంచి ఉద్యోగం చేతికందే దాకా వచ్చింది. వెళ్ళమని ఇంట్లోవారు, బయటివారు పోరారు. “నేను వెళ్తే వసంతంలో ఎవరు తీస్తారు?” అన్నది ఒక్కటే వారి ప్రశ్న. రెండు వేల ఒకటిలో వారు నిర్వహణ విభాగానికి ప్రధానాధికారిణి అయ్యారు. ఆ పదవి చేసిన మేలేమైనా ఉంటే, కొక్కెంతోపాటు సంతకం కూడా చేతిలోకి రావడమే.

కాలం మారింది గాని మన చేతులు మారలేదు. గుడ్డల స్థానంలో డబ్బాలోంచి చిమ్మితే పొంగి గట్టిపడే పసుపు నురగ వచ్చింది. ప్రతి దుకాణంలోనూ దొరికింది. ప్రతివాడూ మేస్త్రీ అయ్యాడు. గుడ్డను కొక్కెంతో లాగవచ్చు. నురగను ఉలితో చెక్కాలి. యాభై దాటిన వయస్సులో, చెవులకు శాలువా, చేతిలో ఉలి, సందు ముందు మోకాళ్ళ మీద కూర్చున్న మన ప్రధానాధికారిణిని చూసి నవ్వనివారు మనలో ఎందరు? ఈ మధ్యనే నగరానికంతటికీ తెల్ల స్తంభాల పిచ్చి పట్టింది. కాంక్రీటు చూస్తే చాలు, దరిద్రం అంటున్నారు. మన నివాసానికీ థర్మోకోల్ అంటించి, తెల్ల పూత పూసి, గుమ్మంలో నాలుగు ఉత్తుత్తి స్తంభాలు నిలపాలని నిర్ణయమైంది. చెక్క ఈనెల గోడలు కప్పబడిపోతున్నప్పుడు వెలికా గారు అభ్యంతరం చెప్పారు, వాదించారు, ఓడిపోయారు. “కప్పుకోండి, ఏం చేస్తాం. సందులు మాత్రం ముట్టుకోవద్దు” అన్నారు. ‘అలాగే’ అన్నారు అందరూ. ప్రస్తుత డైరెక్టరు ఓర్దాన్ గారు అయితే గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నారు.

ఓర్దాన్ గారు చెడ్డవారు కారు. ఆ మాట రాయవలసిరావడమే ఈ వ్యాసంలో నాకు అన్నింటికంటే కష్టంగా ఉంది. చెడ్డవారైతే తిట్టి, ఈ బరువు దింపుకునేవాళ్ళం. వారు వచ్చి రెండేళ్ళే అయినా, వెలికా గారంటే గౌరవం. సన్మాన సభ ఐదవ అంతస్తు వంతెన గదిలోనే జరగాలని పట్టుబట్టింది వారే. గది ముస్తాబు చేయించి, మొన్న మంగళవారం నాడు వెలికా గారిని స్వయంగా వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది వారే. బల్ల మీద కుట్టుపని చేసిన తెల్లటి గుడ్డ పరిచారు. గోడలు పాలలా ఉన్నాయి. నాలుగడుగులు వేసిన వెలికా గారు ఆగిపోయి, మెల్లిగా చెవి మీది శాలువా జరిపారు. గాలి లేదు.

కొసకు వెళ్ళి, ఎప్పటిలాగే నాలుగు వేళ్ళనూ సందులో పెట్టబోయారు. వేళ్ళు గోడకు తగిలాయి.

“ఎవరు మూశారు?”

“మొత్తం అన్ని వంతెనలకీ మూయించేశామండీ, వేసవి సెలవుల్లోనే, మీరు నీళ్ళ గొట్టాల పని మీద కింద ఉన్నప్పుడు!” ఓర్దాన్ గారి మొహం వెలిగిపోతోంది. “అటూ ఇటూ ఊచలు దిగేసి మరీ కాంక్రీటు పోయించాం. నురగలూ గిరగలూ కాదు, గట్టి పని. మీకు చెప్పకుండా దాచిపెట్టాం. సర్‌ప్రైజ్!”

“దేనికి?”

“అదేంటండీ, మీ కోసమే. చిన్నప్పటి నుంచి మీకు చెవి బాధట కదా, ఎవరో చెప్పారు. ఇన్నేళ్ళూ ఈ గాలిలో ఎంత అవస్థ పడ్డారో పాపం! కనీసం మీ సభ రోజైనా మీకు ప్రోమాయ కొట్టకూడదని.”

గుమ్మం దగ్గర నిలబడ్డ పావ్లినా చేతిలోని బకెట్టు కింద పెట్టి, తలగుడ్డ కొసతో నోరు నొక్కుకుంది.

వెలికా గారు గోడ మీది చేతిని వెనక్కి తీసుకున్నారు. పసిపిల్లవాడికి చెప్పినట్టు, “తీయించండి ఓర్దాన్” అన్నారు.

“అయ్యో, సభ కానివ్వండి. తర్వాత చూద్దాం.”

“తర్వాత నేను ఉండను.”

“మీరు లేకపోతే మాత్రం పని ఆగుతుందా? కంపెనీవాళ్ళు ఉన్నారు, ఫోను కొడితే వస్తారు. హామీ కూడా ఇచ్చారు. మనం ఇప్పుడు పగలగొడితేనే ఆ హామీ పోతుంది. మీరు ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి.”

వెలికా గారి స్థానంలో ఎవరినీ నియమించడం లేదు. ఆ పదవే రద్దయింది. పావ్లినా వచ్చే ఏడు వెళ్ళిపోతుంది. విశ్వవిద్యాలయానికి, మంత్రిత్వ శాఖకు, తనిఖీ కార్యాలయానికి ఈ మూడు రోజులూ వెలికా గారు తిరిగారు. ప్రతిచోటా లేచి నిలబడి కుర్చీ వేశారట, కాఫీ ఇచ్చారట, ఇన్నేళ్ళ సేవను కొనియాడారట. నిన్న మధ్యాహ్నం వారు ఉలి, సుత్తి పట్టుకుని ఒక్కరే వంతెన గదికి వెళ్ళారు. పావ్లినా చూసి వెనకే వెళ్ళింది. గోడ మూల నుంచి బొటనవేలంత పెచ్చు ఊడింది. లోపల ఊచ కనిపించింది. వెలికా గారు ఆ ఊచను కాసేపు తట్టి చూశారు, మొట్టమొదటి రోజున తట్టినట్టే. తరువాత సుత్తి పావ్లినా చేతికిచ్చారు.

“ఆయన్నేం అనకు పావ్లినా. మా నాన్న కూడా ఇలాగే నవ్వాడు.”

సహోద్యోగులారా, సభ వచ్చే శుక్రవారం ఉదయం అదే గదిలో జరుగుతుంది. మనమంతా ఆ తెల్ల గుడ్డ పరిచిన బల్ల చుట్టూ కూర్చుంటాం, వారి భుజాల మీద శాలువా కప్పుతాం, చప్పట్లు కొడతాం. మరుసటి వారం పిల్లలు మిరపకాయల బస్తాలతో వస్తారు. పొగ ఎటూ పోక కళ్ళు మండినప్పుడు, ఈ గదికి ఒకప్పుడు సందు ఉండేదని వారికి చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలని ఈ నాలుగు మాటలూ అచ్చుకు ఇస్తున్నాను. చెప్పినంత మాత్రాన ఏమైనా అవుతుందన్న ఆశ నాకు లేదు.

శ్రీమతి వెలికా ద్రంగోవ్‌స్కా గారికి సంపూర్ణ ఆరోగ్యం చేకూరాలి. చెవికి ఏ గాలీ సోకకుండా, గోడ వైపు తిరిగి పడుకోకుండా, వారు నిండు నూరేళ్ళూ జీవించాలి. వారు ఉన్నంతకాలమూ, వారి తరువాత ఆ వంతెనల మీద పిల్లలు కలిసి భోజనం చేసినంతకాలమూ, ఈ నేల కదలకుండా ఉండాలి. ఇంతకు మించి కోరుకోవడానికి మనం వారికి ఏమీ మిగల్చలేదు.